ఆరో చప్పుడు

నా చిన్నప్పుడు మా ఊళ్లో మధ్యాహ్నమైందని చెప్పేది క్వారీయే. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు గుట్ట మీద ఈల మోగేది. కాసేపటికి మందు పేలేది. ఆ అదురుకు ఇళ్ల మీది పెంకులు కదిలేవి, కోళ్లు చాటుకు పరుగెత్తేవి, వాకిట్లో కూర్చున్న ముసలివాళ్లు ఇక తినే వేళయిందని లేచేవాళ్లు. ఉలిక్కిపడేవాళ్లు ఎవరూ లేరు. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడుకు ఎవరు భయపడతారు?

డెబ్బైల మొదట్లో మాట ఇది. ఇప్పుడు ఆ ఊరు ఊరుగా లేదు. మా ఊరు మణికొండ. ఇప్పటికీ నేనుండేది అక్కడే, మూడో అంతస్తులో. పొద్దున్నే ఆఫీసు బస్సుల కోసం పిల్లలు వరుసగా నిలబడే రోడ్డు ఆ రోజుల్లో మా ఎడ్లబండ్ల బాట. దానికి అటు గచ్చిబౌలి వైపు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, ఆ వెనక క్వారీ ఉండేవి. క్వారీ గుంతను తర్వాత పూడ్చారు. దాని మీద ఏం కట్టారో నేను ప్రత్యేకంగా వెళ్లి చూడలేదు.

పట్నం పెరుగుతుండేది. రోడ్లకూ మేడలకూ కంకర కావాలి. క్వారీ పట్నంలో ఉండే ఒక కాంట్రాక్టరుది. ఆయన జీపులో ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేవాడు. రోజూ పని చూసేది కోస్తా నుంచి వచ్చిన మున్షీ ఒకాయన. మగవాళ్లు రాతిలో బెజ్జాలు కొట్టేవాళ్లు. వాటిలో మందు కూరి పేలిస్తే గుట్ట అంచు విరిగి పడేది. పడ్డ బండల్ని సమ్మెటలతో పగలగొట్టేవాళ్లు. ఆడవాళ్లు వాటిని సుత్తెలతో చిన్న కంకరగా కొట్టి, తట్టల్లో మోసి లారీకెత్తేవాళ్లు. మా అమ్మ ఆ ఆడవాళ్లలో ఒకతి. మా నాన్న లారీ మీద క్లీనరుగా పోయేవాడు, ఇంటి దగ్గర ఉన్న రోజులు తక్కువ.

దెబ్బలు తగలడాన్ని అక్కడ ఎవరూ ప్రమాదం అనేవారు కాదు. ఎండ కొట్టినట్టు, వాన పడ్డట్టు, దెబ్బ తగిలేది. మా అమ్మ ఎడమ చేతి బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉండేది. ఒకటి ఊడి ఇంకొకటి వచ్చేలోపు మళ్లీ సుత్తె పడేది. కంట్లో రాతి పొట్టు పడితే పక్కనున్న ఆమె కొంగు కొసను తడిపి తీసేది. బెజ్జాలు కొట్టే మగవాళ్లు నలభై దాటకముందే దగ్గేవాళ్లు, తెల్లటి దుమ్ము వాళ్ల కనుబొమల మీద ఎప్పుడూ ఉండేది. తలకు రుమాలు చుట్టుకోవడం తప్ప ఇంకే కాపుదలా లేదు. మనుషుల క్షేమం కోసం క్వారీలో ఉన్నవల్లా మూడే: ఒక ఈల, ఒక ఎర్రజెండా, మా తాతయ్య.

మా తాతయ్య, అంటే మా నాన్న తండ్రి, మందు పేల్చేవాడు. ఊళ్లో అందరూ ఆయన్ని మందు తాత అనేవాళ్లు. బయటివాళ్లు ఆ పేరు విని చెట్ల మందు ఇస్తాడనుకుని పిల్లల్ని చంకన వేసుకుని మా ఇంటికి రావడం కూడా జరిగింది. నాయనమ్మ వాళ్లకు మంచినీళ్లిచ్చి, గుట్ట వైపు చెయ్యి చూపించి సంగతి చెప్పేది. ఆయన పొడుగు మనిషి, తొందర తెలియని మనిషి. బెజ్జాల్లో మందును కట్టె పుల్లతోనే కూరేవాడు, ఇనుము తగలనిచ్చేవాడు కాదు. ఆ పనిలో ఉన్నప్పుడు దగ్గరికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. వత్తులు అంటించాక నడిచే వచ్చేవాడు, ఎన్నడూ పరుగెత్తలేదు. అంతటి మంట వెనక పెట్టుకుని అలా నడిచి వస్తుంటే చూసేవాళ్లే ముందుగా చెవులు మూసుకునేవాళ్లు.

ఆయన వచ్చి ఒక పెద్ద బండ చాటున కూర్చునేవాడు. కూలీలందరూ ఇంకా వెనక మరో బండ చాటున ఉండేవాళ్లు. పేలినవెన్నో తాతయ్య లెక్క పెట్టేవాడు. పెట్టినన్నీ పేలితే లేచి తువ్వాలు ఊపేవాడు. ఆ తువ్వాలు ఊగితేనే మనుషులు గుంతలోకి దిగాలి. ఒకటి తక్కువైతే, పేలని మందు రాళ్ల కింద ఎక్కడో ఉన్నట్టు. దాని మీద గడ్డపార పడితే ఏమవుతుందో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎందుకంటే పక్కింటి అక్క మొగుడు ఉన్నాడు.

ఆయన మా క్వారీలో కాదు, గుట్టకు అవతలి వైపు ఇంకో క్వారీలో పని చేసేవాడు. ఆ రోజు అక్కడ మందు పేల్చినవాడు అన్నీ పేలినయి దిగండ్రి అన్నాడట. ఈయన దిగి గడ్డపార వేశాడు. పట్నంలో సర్కారు దవాఖానలో చాలా రోజులు ఉంచుకుని పంపారు. ప్రాణం దక్కింది, రెండు కళ్లూ పోయాయి. ఆ క్వారీవాళ్లు ఒక బస్తా బియ్యం పంపించి, ఆ తర్వాత మళ్లీ ఇటు చూడలేదు. అప్పటి నుంచి ఆయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని తాళ్లు పేనేవాడు. అక్క చంటిబిడ్డను చంకనేసుకుని మా క్వారీకి కంకర కొట్టడానికి వచ్చేది. ఇంకెక్కడికీ పోకుండా మా క్వారీకే ఎందుకు వచ్చిందంటే, అక్కడ మందు పేల్చేది మా తాతయ్య కాబట్టి. ఆ మాట ఆమె మా నాయనమ్మతో చెబుతుండగా విన్నాను.

తాతయ్యకు వినికిడి ఎప్పుడు తగ్గడం మొదలైందో ఎవరికీ తెలియదు. మాట కొంచెం పెద్దది అయింది. వెనక నుంచి పిలిస్తే తిరిగేవాడు కాదు. ఇంట్లో అది వయసు తెచ్చిన మొండితనం అనుకున్నారు. తనకు ఇష్టం లేని మాట ఆయన చెవిన పడదని నాయనమ్మ నవ్వేది. ఎదురుగా నిలబడి మాట్లాడితే మాత్రం సరిగానే జవాబు చెప్పేవాడు. పెదవుల వంక చూసి చెబుతున్నాడని మాకు తట్టలేదు.

నాకు తొమ్మిదేళ్లుంటాయి. బడి ఒంటిపూట. బడి వదిలాక నేను తాతయ్యకూ అమ్మకూ రొట్టెలు మూటగట్టుకుని గుట్ట ఎక్కేదాన్ని. ఆ ఎండాకాలంలో తాతయ్య ఒక ఆట నేర్పాడు. పేల్చే వేళకు నన్ను తన పక్కన బండ చాటున కూర్చోబెట్టుకునేవాడు. నా ఒళ్లో కొన్ని గులకరాళ్లు పోసేవాడు. తన కుడి అరచెయ్యి చాపేవాడు. మందు పేలినప్పుడల్లా ఒక రాయి ఆ చేతిలో వెయ్యాలి. ఇలా ఆడితే నాకు లెక్కలు వస్తాయని చెప్పాడు. చప్పుడు రాగానే నేను టక్కున రాయి వేసేదాన్ని. అంతా అయ్యాక ఆయన చేతిలోకి చూసుకుని, నా నెత్తి మీద ఒకసారి చెయ్యి వేసి, లేచి తువ్వాలు ఊపేవాడు. గుంతలోకి మనుషులు దిగేవాళ్లు. మేమిద్దరం రొట్టెలు తినేవాళ్లం.

ఆ ఎండాకాలమంతా, ఆ వెనక వానలూ అదే ఆట. నాకు అది చాలా గొప్పగా ఉండేది. ఆయన పక్కన కూర్చునే హక్కు ఊళ్లో ఇంకే పిల్లకూ లేదు. లెక్కలు కూడా నిజంగానే వచ్చాయి.

వానలు వెనకపట్టు పట్టి సీతాఫలాలు కన్ను విప్పే రోజుల్లో ఒక మధ్యాహ్నం. ఎక్కడో రోడ్డు పని తొందరలో ఉందట, కంకర కోసం లారీలు పొద్దున్నుంచే వచ్చి నిలబడ్డాయి. మున్షీ ఒక్కచోట నిలవకుండా అటూ ఇటూ తిరుగుతున్నాడు. తాతయ్య ఆ రోజు ఆరు బెజ్జాల్లో మందు కూరాడు. ఈల ఊదారు. వత్తులు అంటించి ఎప్పటిలాగే నడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి చాపాడు.

మొదటిది పేలింది. రాయి వేశాను. రెండోది, మూడోది, నాలుగోది విడివిడిగా పేలాయి. ఆ తర్వాత వచ్చిన చప్పుడు వేరుగా ఉంది. పెద్దగా వచ్చింది, ఎదుటి గుట్టకు కొట్టుకుని వెనక్కి తిరిగి వచ్చింది, కాళ్ల కింది బండ అదిరింది. ఒక రాయి వేశాను. ఇంకొకటి చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని ఆగాను. అది ఒకటా, రెండూ కలిసి వచ్చాయా? విన్నది చప్పుడా, చప్పుడు నీడా? ఇంకొకటి వస్తుందేమోనని చూశాను. రాలేదు. పొగ పైకి లేచింది. చిన్న రాళ్లు పడడం కూడా ఆగిపోయింది.

తాతయ్య చేతిలో ఐదు రాళ్లున్నాయి. ఆరోది నా చేతిలో ఉంది. ఆయన తన చేతి వంక చూసుకుని, నా ముఖం వంక చూశాడు. కనుబొమలు ఎత్తాడు, అంతే. 

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఆ రాయి వేస్తే అందరూ లేస్తారు. వెయ్యడం చాలా సులువు. వేస్తే తాతయ్య నెత్తి మీద చెయ్యి వేస్తాడు. నేను తల తిప్పి వెనక బండ వైపు చూశాను. పక్కింటి అక్క బిడ్డను చీర ఉయ్యాలలో పడుకోబెట్టి, నెత్తి మీద తట్ట మోసే గుడ్డచుట్ట సర్దుకుంటోంది. పక్కనే మా అమ్మ తట్టలు ఏరుతోంది. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్ని రోజులూ ఆడింది ఆట కాదని. తాతయ్యకు వినబడదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. చెయ్యి తెరిచి, అందులో ఉన్న రాయిని ఆయనకు చూపించి, తల అడ్డంగా ఊపాను.

"తెల్వదు తాతా" అన్నాను.

ఆయన నా పెదవుల వంకే చూశాడు. తర్వాత కాసేపు కళ్లు మూసుకున్నాడు. నా చేతిలోని రాయి తీసుకుని, మిగతా వాటితో కలిపి పక్కన పారబోశాడు. పోయి అమ్మ దగ్గర కూర్చోమని చేత్తో చూపించాడు. నేను పోయాను. ఆయన లేచాడు. భుజం మీది తువ్వాలు భుజం మీదే ఉంది.

మున్షీ ఎదురొచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. కూలీలను కూడా మీరు అనేవాడు. అందుకు మా ఊళ్లో ఆయన వెనక నవ్వుకునేవాళ్లు కూడా.

"దిగమంటారా పెద్దాయనా? లారీలు నిలబడిపోయాయండి."

"దిగొద్దు సాబ్. ఆరు పెట్టిన. ఐదు పేలినయో ఆరు పేలినయో నాకు తెల్వదు."

మున్షీ చుట్టూ ఉన్నవాళ్లను అడిగాడు. ఒకరు ఐదన్నారు. ఒకరు ఆరన్నారు. ఇంకొకరు ఏడన్నారు. లెక్క పెట్టడం తాతయ్య పని కాబట్టి ఎవరూ లెక్క పెట్టలేదు. మున్షీ మళ్లీ తాతయ్య వైపు తిరిగి, లెక్క పెట్టేది మీరే కదా, మీరెందుకు పెట్టలేదని అడిగాడు.

"లెక్క పెట్టనీకె ఇనపడాలె గద. నాకు చెవులు ఇనపడక శానా రోజులాయె."

ఆ మాట ఆయన మెల్లగా అన్నాననే అనుకుని ఉంటాడు. గుట్టంతా వినబడింది.  కంకర కొట్టే ఆడవాళ్లలో ఎవరో పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు. మరి ఇన్నాళ్లూ ఎలా లెక్క పెట్టారని మున్షీ అడిగినప్పుడు తాతయ్య జవాబు చెప్పలేదు. నేను మా అమ్మ పక్కన కూర్చుని ఉన్నాను. ఆయన కళ్లు ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. పిల్ల లెక్క తప్పిందని ఒక్క మాట అంటే ఆయన మీది బరువు సగం దిగేది. అనలేదు.

ఆ పూటకు ఎవరూ దిగకూడదన్నాడు. పొద్దున్నే తానే దిగి చూస్తానన్నాడు. కొందరు మగవాళ్లు సణిగారు, సగం రోజు కూలి పోతుందని. బెజ్జాలు కొట్టే ఒక పడుచువాడు తాను పోయి చూసొస్తానని గడ్డపార తీసుకున్నాడు. తాతయ్య బాటకు అడ్డంగా నిలబడ్డాడు. ముసలివాడిని పక్కకు నెట్టడం వాడికి పెద్ద పని కాదు. వాడు ఒక అడుగు వేసి ఆగాడు.

అప్పుడు పక్కింటి అక్క తన తట్టను బోర్లించి దాని మీద కూర్చుంది.

"నేనైతే దిగ" అంది. గట్టిగా కూడా అనలేదు.

మా అమ్మ కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్లంతా కూర్చున్నారు. అందులో పంతం ఏమీ లేదు, ఎండకు నీడలో కూర్చున్నట్టే కూర్చున్నారు. ఆ పడుచువాడు గడ్డపారను నేలకు ఆనించి తానూ కూర్చున్నాడు. మున్షీ చాలాసేపు లారీల వైపు చూశాడు. కాంట్రాక్టరుకు జవాబు చెప్పుకోవలసింది ఆయనే. చివరికి పోయి లారీలను ఖాళీగా పంపించేశాడు.

ఇంటికి వచ్చాక అమ్మ నన్ను అడిగింది, తాతయ్య ఇన్నాళ్లూ ఎలా లెక్క పెట్టాడని. గులకరాళ్ల సంగతి చెప్పాను. అమ్మ ముఖం మారిపోయింది. మా ఇంట్లో కోడలు మామ ముందు నిలబడి మాట్లాడడం ఉండేది కాదు, గడప అవతల నుంచి ఏదైనా అనడమే. ఆ రోజు ఆమె ఆయన ఎదురుగా వచ్చి, ఆయనకు పెదవులు కనబడేలా నిలబడింది.

"గింతమంది పాణాలు చిన్నపోరి చేతుల పెడ్తివా మామా?"

తాతయ్య తల దించుకోలేదు. దించుకుంటే ఆమె ఇంకేం అంటుందో ఆయనకు తెలియదు. ఆమె వంకే చూస్తూ, పెట్టానని, అది తప్పేనని ఒప్పుకున్నాడు. లెక్క తప్పి ఎవరైనా పోయి ఉంటే ఆ పిల్ల బతుకంతా ఏమయ్యేదని అమ్మ అడిగింది.  నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఆమె ఏడుపు వేరే సంగతికి. ఈ వయసులో ఆయనకు ఇంకెవరు పని ఇస్తారని.

ఇప్పుడు ఆయన వయసుకు నేనూ వచ్చాను కాబట్టి ఆ రెండు వైపులూ చూడగలుగుతున్నాను. మా అమ్మ అన్నది నిజం. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఆయన మనుషుల ప్రాణాలను ఒక పిల్ల చెవుల మీద నడిపించాడు. నా చెవులు మంచివి, నాకు లెక్క తప్పలేదు, అందుకే అది కథలా చెబుతున్నాను. లేకపోతే ఇంకోలా చెప్పేదాన్ని, లేదా అసలు చెప్పేదాన్నే కాదు. నాయనమ్మ భయమూ నిజమే. చెవులు పోయాయని చెబితే పని పోతుంది. చెవులు పోయింది ఆ పనిలోనే. ఆ లెక్క అడిగేవాళ్లు ఆ రోజుల్లో ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున తాతయ్య ఒక్కడే గుంతలోకి దిగాడు. బడికి పొమ్మంటే నేను పోలేదు, అమ్మ కూడా గట్టిగా అనలేదు. అందరం బండ చాటున ఉన్నాం. పక్కింటి అక్క ఆ రోజు మొగుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, వస్తానని ఆయనే అన్నాడట. మొగుణ్ణి నా పక్కన కూర్చోబెట్టి ఆమె బిడ్డను ఎత్తుకుంది. ఆయన తల కొంచెం పక్కకు వంచి గుంత వైపు చెవి పెట్టాడు.

"మీ తాతకు ఇనపడదని నాకు ఎప్పుడో ఎరుకే బిడ్డా" అన్నాడు కాసేపటికి. "చీకట్ల మాట్లాడితె జవాబు చెప్పకపోతుండె."

మరి ఎందుకు ఎవరికీ చెప్పలేదని అడిగాను. తాతయ్య కూడు పోతుందని ఊరుకున్నానన్నాడు. పేలని మందుకు కళ్లు పోగొట్టుకున్న మనిషి, ఆ మందు దగ్గరికి రోజూ తన పెళ్లాన్ని పంపిస్తున్న మనిషి, ఆ మాట అన్నాడు. అది మంచితనమో ఏమో నాకు ఈనాటికీ తేలలేదు.

తాతయ్య చాలాసేపు పైకి రాలేదు. ఒక్కొక్క రాయీ చేత్తో తీసి పక్కన పెడుతున్న చప్పుడు వినబడింది. ఎండ బండ మీదికి ఎక్కింది. నీళ్లు కావాలని ఒకసారి అరిచాడు. కుండను తాడు కట్టి దించారు. ఆ తర్వాత మళ్లీ రాళ్ల చప్పుడు. మా అమ్మ చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ చెయ్యి ఎంత బిగుసుకుందో సాయంత్రం దాకా భుజం నొప్పి పెట్టింది.

చివరికి ఆయన పైకి వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము. ఆరూ పేలాయని చెప్పాడు. పక్కపక్కనే ఉన్న రెండు ఒకేసారి పేలాయి. అందుకే చప్పుడు ఒకటిగా వచ్చింది.

అంటే ముందు రోజు మధ్యాహ్నం అందరూ దిగి ఉన్నా ఎవరికీ ఏమీ కాకపోయేది. కొందరు హమ్మయ్య అనుకున్నారు. కొందరు పోయిన కూలిని తలుచుకున్నారు. గడ్డపార పట్టుకున్న ఆ పడుచువాడు, ముసలాయన ఉత్తగనే అందరినీ పరేషాన్ చేసిండని నవ్వాడు. తాతయ్యకు అది వినబడలేదు. వాడి పెదవులు చూశాడేమో తెలియదు. తువ్వాలు తీసి ఊపాడు. ఆయన తువ్వాలు ఊపడం అదే ఆఖరు.

తర్వాత కాంట్రాక్టరు జీపులో వచ్చాడు. చెవులు లేనివాడితో మందు పేల్పించడమేమిటని మున్షీని అందరి ముందూ కేకలేశాడు. తాతయ్యను ఆ రోజే ఆ పని నుంచి తీసేశారు. మున్షీ ఏదో బతిమాలినట్టున్నాడు, బండ్ల బాట మీద ఎర్రజెండా పట్టుకుని నిలబడే పని ఇప్పించాడు. కూలి తక్కువ. ఇంట్లో రొట్టెలు పలచబడ్డాయి. మందు పని ఆ పడుచువాడికే వచ్చింది. తాతయ్య పోయి వాడికి కట్టె పుల్ల పట్టుకోవడం దగ్గర నుంచి అన్నీ నేర్పాడు. వాడు మొదట వినలేదు, తర్వాత విన్నాడు. ఒక్క సంగతి మాత్రం మున్షీ మార్చాడు. అప్పటి నుంచి లెక్క ఇద్దరు పెట్టాలి. ఒకరిని ఒకరు అడక్కుండా విడివిడిగా వచ్చి చెప్పాలి. రెండు లెక్కలూ కలిస్తేనే దిగాలి. రెండో లెక్క పక్కింటి అక్క పెట్టేది.

నేను అప్పటికీ రొట్టెలు తీసుకుని పోయేదాన్ని, గుట్ట మీదికి కాదు, బాట మీదికి. ఒకరోజు మందు పేలిపోయాక, బండ్లను వదిలేశాక, తాతయ్య జెండా చుట్టి ఒళ్లో పెట్టుకుని తింటున్నాడు. నా మనసులో ఆ సంగతి తిరుగుతూనే ఉంది. ఎదురుగా కూర్చుని, మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగాను.

"తాతా, ఆనాడు అన్నీ పేలినయ్ గద. నువ్వు చెప్పకపోతె ఏమయితుండె?"

"ఏం కాకపోతుండె."

"మరి ఎందుకు చెప్పినవ్? నీ పని పాయె."

ఆయన రొట్టె ముక్క నమలడం అయ్యేదాకా ఆగాడు.

"పేలినయని తెల్లారినంక తెల్సింది బిడ్డా" అన్నాడు. "ఆ గడియల తెల్వదు గద."

 అది నాకు జవాబులా అనిపించలేదు అప్పుడు. ఏదో పెద్ద మాట చెబుతాడనుకున్నాను. ఆయన నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, బాట మీద వస్తున్న ఎడ్లబండి వైపు చూశాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆయన ఆ జెండా పట్టుకునే ఉన్నాడు. వినికిడి పూర్తిగా పోయింది. మందు పేలినప్పుడు అరికాళ్లకు తెలుస్తుందని అనేవాడు. ఒక చలికాలం దగ్గు పట్టుకుంది, వదల్లేదు. నేను పది పాసైన సంవత్సరం పోయాడు. దవాఖానలో వయసు అన్నారు, దుమ్ము అనలేదు.

నేను పెద్దయ్యాక జీడిమెట్లలో మందులు తయారుచేసే ఒక కంపెనీలో చేరాను. ఇక్కడ మందు అంటే నిజంగా మందే. మాత్రల్లో కలిపే పొడులు చేసేవాళ్లం. చిన్న పనిలో చేరి, షిఫ్టు చూసుకునేదాన్ని అయ్యాను. రిటైరయ్యేదాకా అక్కడే. మా యూనిట్‌లో మనిషి దిగి కడిగే పెద్ద పెద్ద తొట్లు ఉండేవి. దిగేముందు లోపల విషవాయువు ఏమీ మిగల్లేదని, రసాయనాలు వచ్చే గొట్టాలన్నీ మూసేశారని ఎవరో ఒకరు చెప్పాలి. చాలాసార్లు ఆ చెప్పేది నేనే.

ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒకాయన, నా కొడుకు వయసువాడు, తొందరగా వచ్చి గొట్టం లైను మూసే ఉంది కదమ్మా అని అడిగాడు. అంతకుముందు షిఫ్టువాళ్లు మూసే ఉంటారు. ఎప్పుడూ మూస్తారు. మనిషి నడుముకు తాడు కట్టుకుని తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. నేను నాకు తెలియదన్నాను. పోయి చూసి వచ్చేదాకా ఎవరినీ దింపవద్దన్నాను. ఆ గొట్టం చివర ఇంకో షెడ్డులో ఉంది. పోయి చూసి వచ్చేసరికి చాలా సమయం పట్టింది. మూసే ఉంది. ఇంజనీరు వాచీ చూసుకున్నాడు. వెనక ఎవరో నవ్వారు.

ఆ ఒక్కసారే కాదు. నా ఉద్యోగంలో అలా ఎన్నిసార్లు అన్నానో. దాదాపు ప్రతిసారీ అంతా సరిగానే ఉండేది. మేడంకు చాదస్తం అని పేరు వచ్చింది. ఒకటి రెండుసార్లు సరిగా లేదు కూడా. కానీ వాటిని నేను గొప్పగా గుర్తుంచుకోలేదు. గుర్తున్నవి అంతా సరిగా ఉన్న రోజులే, తిరిగి వచ్చి నలుగురి ముందు నిలబడి ఏమీ లేదు, దిగండి అని చెప్పిన రోజులే. తాతయ్య బాట మీద చెప్పిన జవాబు ఆ రోజుల్లోనే కొంచెం కొంచెంగా అర్థమవుతూ వచ్చింది.

నాకు తెలియదు అనే మాట ఇప్పటికీ నా నోటికి సులువుగా రాదు. ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతుంది. ఆగినా పైకి వస్తుంది. ఆ మాట అన్నందుకు మాత్రం నేను ఎవరి ముందూ చిన్నబోలేదు, తర్వాత అంతా సరిగానే ఉందని తేలినప్పుడు కూడా.